మూత్రాశయము – దాని బాధలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పుస్తక పఠనమును గూర్చియో, మహాపురుషుల చరిత్రములను గూర్చియో ప్రసంగింపదగిన రజతోత్సవ వేదికపై మూత్రమును గూర్చి మాటాడుట యేమని కొందరు విస్తుపోవచ్చును. వెనుక వరుసలలో చిరునవ్వులును కనబడవచ్చును. ఆ నవ్వే ఈ ప్రసంగమునకు కారణము. జ్వరము వచ్చినవాడు వీథి యరుగుపై కూర్చుండి వచ్చిపోవు వారికెల్ల తన జ్వరమును వర్ణించి చెప్పును. కడుపునొప్పియైనను, కీళ్ళనొప్పియైనను అంతియే. మూత్రమున మంట పుట్టినవాడు మాత్రము కట్టుకొన్న భార్యకును చెప్పడు. స్త్రీ యైనచో భర్తకు చెప్పదు, కన్నతల్లికిని చెప్పదు. నెలలు గడచును, మంటతో పోవలసినది మూత్రపిండములకు ప్రాకును. నోట చెప్పుటకు నోరు రాని సంగతిని పుస్తకము నిస్సంకోచముగా చెప్పును. గ్రంథాలయమువలన గలుగు మేలులలో ఇదియు నొకటి.

పేరాలవారికి ధైర్యము క్రొత్త కాదు. 1921లో పురపాలక సంఘపు పన్నుల భారమును నిరాకరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున చీరాల పేరాలల పదునైదువేల జనములో సుమారు పదమూడువేలమంది ఇండ్లు వాకిళ్ళు విడిచి, ఊరి వెలుపల పాకలు వేసికొని, రామనగరమని దానికి పేరిడి, పదునొకండు నెలలు ఎండకును వానకును ఓర్చి కాపురముండిరి. సర్కారునకు జంకని అట్టి ఊరివారు వైద్యుని యెదుట ఒక్క మాట చెప్పుటకు జంకుట వింతగా తోచును.

మూత్రాశయమనునది పొత్తికడుపున, ముందరి యెముక వెనుక నుండు కండరపు సంచి. మూత్రపిండములు రెండును కలసి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తము నుండి వడగట్టి, అందు అత్యధిక భాగమును మరల రక్తములోనికే త్రిప్పి పంపి, లీటరున్నర మొదలు రెండు లీటర్ల వరకు మాత్రము మూత్రముగా క్రిందికి వదలును. అది బొట్టుబొట్టుగా దిగి సంచిలో చేరును. చెరువునకు తూమున్నట్లు ఈ సంచికిని అడుగున నొక తూము గలదు. చెరువునకును దీనికిని భేదమేమన, చెరువుగట్టు కదలదు; ఈ సంచిగోడ నీరు నిండుకొలది సాగును, వదలవలసినపుడు ముడుచుకొనును. నిండునప్పుడు గోడ వదులుగాను తూము బిగుతుగాను ఉండవలెను. వదలునప్పుడు గోడ బిగిసి, తూము తెరచుకొనవలెను. ఈ రెండింటికిని ఆజ్ఞ మెదడు నుండి వెన్నుపాము గుండా వచ్చును. పెద్దవారి మూత్రాశయమున నాలుగైదువందల మిల్లీలీటర్లు పట్టును. అందులో సగము నిండకమునుపే పోవలెనను తలపు మొదలగును. పగటిపూట ఏడెనిమిది మారులు పోవుట సహజము. అంతకు మించినను, రాత్రి రెండు మూడు మారులు లేవవలసి వచ్చినను, కారణము వెదకవలెను.

మన ప్రాచీన వైద్యులు దీనిని ఉపేక్షింపలేదు. సుశ్రుతుడు తన సంహిత ఉత్తరతంత్రమున మూత్రము బంధింపబడు మూత్రాఘాతములను పన్నెండు విధములుగాను, కష్టముతో వెడలు మూత్రకృచ్ఛ్రములను ఎనిమిది విధములుగాను విభజించి చెప్పెను. మూత్రాశయమున రాయి పుట్టినపుడు కోసి తీయు విధానమును సయితము వ్రాసెను. చరకసంహితలో శరీరవేగములను అణచుకొనరాదని చెప్పుటకే ఒక అధ్యాయము గలదు. ఆ వేగములలో మూత్రవేగమొకటి.

ఈ యూరివారికి ఆ యధ్యాయమే ముఖ్యమైనది. గుంటమగ్గమున కాళ్ళు వ్రేలవైచి కూర్చున్న నేతగాడు ఒకమారు లేచెనా, నాడె చేతికి తగిలిన తీరు పోవును, వరుస చెడును. ఈ చెరగు ముగియనిమ్మనును. చెరగు ముగియుసరికి పూట గడచును. లేవవలసి వచ్చునని దాహమైనను నీళ్ళు త్రాగడు. ప్రక్కన కండెలు చుట్టు స్త్రీ పాట్లు ఇంతకన్న కష్టము. మరుగుదొడ్లు లేని దినములలో ఆమె తెల్లవారక ముందొకమారు, చీకటి పడిన పిదప నొకమారు తప్ప వెలుపలికి పోలేకుండెడిది; అందుచేత పగలెల్ల గుక్కెడు నీళ్ళతో గడపెడిది. ఇప్పుడు చాలా యిండ్లలో మరుగుదొడ్లు వచ్చినవి. కాని పనిచేయు షెడ్డులలోను, బస్సు స్టాండులలోను, కొన్ని బడులలోను స్త్రీల పాట్లు తీరలేదు. అలవాటు అంతకంటెను తీరలేదు. నీరు తక్కువయైన మూత్రము చిక్కబడి మంట పుట్టించును. నిలువయైన మూత్రమున సూక్ష్మజీవులు పెరుగును. రాయి కట్టుటకు అవకాశము గలుగును. మూత్రము లేత గడ్డిరంగున వచ్చునంత నీరు త్రాగవలెను. మూడు నాలుగు గంటల కొకమారు మగ్గము దిగవలెను. దీనికి ఖర్చు లేదు గదా!

మూత్రమున మంట కలిగినచో తెలుగువారు వెంటనే చెప్పు మాట ‘వేడి చేసినది’ యని. బార్లీనీళ్ళు, కొబ్బరినీళ్ళు, పలుచని మజ్జిగ, పల్లేరుకాయల కషాయము – ఇవి వెంటనే బయలుదేరును. వేసవిలో నీరు చాలక కలిగిన మంట వీటితో చల్లారును. ఇందు తప్పులేదు. కాని మంటతోపాటు మాటిమాటికి పోవలెననిపించుట, పోయినను నాలుగు బొట్లే వచ్చుట, మూత్రము మసకబారి దుర్వాసన వేయుట, పొత్తికడుపున నొప్పి – ఇవి కూడినపుడు అది వేడి కాదు, సూక్ష్మజీవులు ప్రవేశించినవి. తరచుగా ఈ పని చేయునది పెద్దప్రేవులో నివసించు ఈ-కోలై యను సూక్ష్మజీవి. పురుషునకు మూత్రనాళము సుమారు ఇరువది సెంటీమీటర్లు, స్త్రీకి నాలుగే. ఇంత దగ్గర దారి యగుటచే స్త్రీలకు ఈ బాధ హెచ్చు. అందు వారి నడతకు ముడిపెట్టి అనుమానించువారు గలరు, అది అజ్ఞానము. మలవిసర్జన పిదప ముందు నుండి వెనుకకు కడుగుకొనుట ఆడపిల్లలకు చిన్ననాడే నేర్పదగినది.

మంటకు తోడు చలితో జ్వరము వచ్చి, నడుము ప్రక్కన నొప్పి లేచినచో సూక్ష్మజీవులు మూత్రపిండమునకు ఎక్కినవని తెలిసికొని ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. గర్భిణులకు ఈ వ్యాధి ఒక్కొక్కప్పుడు మంటయైనను లేకుండ లోలోపల నుండి నెలలు నిండకమునుపే కాన్పు తెచ్చిపెట్టును. కావున వారికి మూత్రపరీక్ష తప్పనిసరి. మధుమేహము గలవారికిని ఇది మాటిమాటికి వచ్చును. మందుల దుకాణములో రెండు మాత్రలు కొని మ్రింగి, మంట తగ్గగానే మానివేయుట మిక్కిలి చెడ్డ అలవాటు. చావక మిగిలిన సూక్ష్మజీవులు ఆ మందునకు లొంగకుండ మొండికెత్తును. పూర్వము మామూలు మాత్రతో పోయెడి వ్యాధికి నేడు కొందరికి సూదిమందులు కావలసి వచ్చుచున్నవి.

మూత్రము పాలవలె తెల్లగా వచ్చు వ్యాధి యొకటి గలదు. బోదకాలు తెప్పించు పురుగులే దీనికిని మూలము. అవి శోషరస నాళములను చెరచగా, తిన్న కొవ్వును మోయు ఆ రసము దారితప్పి మూత్రములో కలియును. నూనెవంటకము తిన్ననాడు తెలుపు హెచ్చుట దానికి గుర్తు. ఆ పురుగులపై పనిచేయు హెట్రజాను మందు 1947లో వెలువడినది అమెరికాలో, లెడర్లీ ప్రయోగశాలలో. అచట పరిశోధనలు నడపినవాడు భీమవరమున పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ప్రభుత్వమువారు బోదకాలు నివారణకై ఊరూర పంచిన మాత్ర ఆ మందే. పంచినవారి యెదుట మ్రింగక అటక మీద పడవేసినవారు ఎందరో!

ఇక వృద్ధులగు పురుషుల సంగతి. మూత్రాశయపు మెడ చుట్టును ప్రోస్టేటు అను గ్రంథి గలదు. అరువదియేండ్లు వచ్చుసరికి సుమారు సగముమంది పురుషులకు అది పెరుగును. ధార సన్నబడును; మొదలగుటకు ఆలస్యమగును; మధ్యలో ఆగి ఆగి వచ్చును; అయినదనుకొని పంచె సవరించుకొన్న పిదప నాలుగు బొట్లు రాలును. రాత్రి నిద్ర పట్టదు. ‘వయసు మీద పడినది, ఇట్లే యుండును’ అని ఓర్చుకొనువారే హెచ్చు. కాని సంచి పూర్తిగా ఖాళీ కాక నిలువ యుండిన మూత్రము వెనుకకు ఒత్తి, నొప్పి లేకుండగనే మూత్రపిండములను చెరచునని వారెరుగరు. ఒకనాడు హఠాత్తుగా మూత్రము బంధించిపోవును. ఆ బాధ చూచినవారికే తెలియును: పొత్తికడుపు కుండవలె ఉబ్బి, ముసలివాడు కూర్చుండలేడు, పరుండలేడు. ఆసుపత్రిలో సన్నని గొట్టము వేసి తీయువరకు ఉపశమనము లేదు. జలుబునకు వాడు కొన్ని మాత్రలును దీనిని తెచ్చిపెట్టును. కావున ప్రోస్టేటు బాధ గలవారు జలుబు మాత్ర కొనుటకు ముందు ఆ సంగతి చెప్పవలెను. తూము కండరమును వదులుచేయు మందులు నేడు గలవు. అవి చాలనిచో కడుపు కోయక, మూత్రనాళము గుండనే పరికరము పంపి అడ్డమును తొలగింతురు. ప్రోస్టేటు పెరిగిన ప్రతివానికి క్యాన్సరు కాదు. కాని రెండును ఒక్కతీరుననే మొదలు కావచ్చును గనుక పరీక్ష కావలెను.

ముగ్గురు నలుగురు బిడ్డలను కన్న తల్లులకు దగ్గినను, తుమ్మినను, నీళ్ళబిందె ఎత్తినను చీర తడియును. పెండ్లిపేరంటములకు పోవుట మానుకొందురు; మానుటకు కారణము మాత్రము తలనొప్పి యని చెప్పుదురు. కాన్పులలో సడలిన కటికండరములే దీనికి హేతువు. మూత్రమును నిలుపుకొనునప్పుడు ఏ కండరములను బిగింతుమో, వానిని మూత్రముతో పనిలేని వేళ బిగించి, అయిదారు క్షణములుంచి వదలుట – పూటకు పదిమారులు, దినమునకు మూడు పూటలు. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అను అమెరికా వైద్యుడు దీనిని లోకమునకు వెల్లడించెను. రెండు మూడు నెలలు విడువక చేసినవారిలో చాలామందికి గుణము కనబడును. కూర్చుండియైనను, పరుండియైనను, కండె చుట్టుచునైనను చేయవచ్చును, ప్రక్కవారికి తెలియదు. మరికొందరికి దగ్గు తుమ్ములతో పనిలేకయే తలపు పుట్టిన క్షణమున పరుగెత్తవలసి వచ్చును. అది వేరు వ్యాధి, దానికి మందులు వేరు.

ఇంతకన్న ఘోరమైనది, దినములకొలది కాన్పు కాక బిడ్డ తల ఒత్తిడికి మూత్రాశయమునకు రంధ్రము పడుట. అట్టి యువతికి రాత్రింబవళ్ళు మూత్రము కారుచునే యుండును. భర్త విడిచిపెట్టినవారు, పసులపాకలో కాలము గడపినవారు పూర్వము పల్లెలలో గలరు. శాపమనుకొన్న ఆ బాధ శస్త్రచికిత్సతో కుదురును. ఆసుపత్రి కాన్పులు హెచ్చిన పిదప ఇది అరుదైనది.

పక్క తడుపు పిల్లల మాట ఒకటి చెప్పి ముందుకు సాగవలెను. అయిదేండ్ల పిల్లలలో నూటికి సుమారు పదునైదుగురు నిద్రలో పక్క తడుపుదురు. పెరిగినకొలది అది దానంతట పోవును. కొట్టుట, వాతలు పెట్టుట, తడిసిన పక్కను వీథిలో ఆరవేసి సిగ్గుపరచుట వలన అది పోదు. కాని తడుపుట మానిన పిల్లవాడు మరల మొదలిడి, దాహముతో విపరీతముగా నీళ్ళు త్రాగి, చిక్కిపోవుచున్నచో ఆ దినమే రక్తములో చక్కెర చూపింపవలెను.

ఇంతవరకు చెప్పిన బాధలు మంటతోనో, నొప్పితోనో తమ్ము తాము చాటుకొనునవి. అట్లు చాటుకొననిది, అందుచేతనే భయంకరమైనది ఒకటి గలదు. అది నొప్పి లేకుండ మూత్రములో రక్తము పడుట. ఒకనాడు ఎర్రగా వచ్చును. మరునాడు తేటపడును. నెలలు గడచినను మరల రాదు. నొప్పి లేదు గనుక మనిషి మరచిపోవును. ‘వేడి చేసినది కాబోలు’ అనుకొనును. రాతివలనను, సూక్ష్మజీవులవలనను రక్తము పడవచ్చును. బీట్‌రూటు దుంప తిన్నను, క్షయకు వాడు కొన్ని మందులవలనను మూత్రము ఎర్రబారును. కాని నడివయసు దాటినవారికి నొప్పిలేని రక్తము ఒక్కమారు పడినను, అది మూత్రాశయపు క్యాన్సరు కాదని తేలువరకు ఊరకుండరాదు.

ఈ వ్యాధి చరిత్ర రంగుల చరిత్రతో పెనవైచుకొన్నది. చీరాల ప్రాంతము పూర్వము తేలియా రుమాళ్ళకు పేరుపడ్డది. నూలును నూనెలోను, క్షారపు నీటిలోను మాటిమాటికి ముంచి, చిరివేరు ఎరుపు పట్టించి నేసిన ఆ రుమాళ్ళు అరబ్బు దేశములకు ఓడలమీద పోయెడివి. పిమ్మట 1856లో ఇంగ్లండున పెర్కిన్ అను యువకుడు తారునుండి తీసిన పదార్థముతో ఊదారంగు చేసెను. అది మొదలు కర్మాగారపు రంగులు వెల్లువెత్తినవి. చవుక, కాంతి హెచ్చు, శ్రమ తక్కువ. 1895లో జర్మనీయందు ఫ్రాంక్‌ఫర్టు నగరమున రేన్ అను శస్త్రవైద్యుడు, ఒక్క రంగుల కర్మాగారమున పనిచేయు వారిలో ముగ్గురికి మూత్రాశయపు క్యాన్సరు వచ్చుట గమనించి లోకమునకు తెలిపెను. తెలిపినను పట్టించుకొన్నవారు తక్కువ. 1954లో ఇంగ్లండున కేస్ అను వైద్యుడును అతని సహచరులును రంగుల కర్మాగారపు కూలీల మరణములను లెక్కించి, బెంజిడీన్, నాఫ్తిలమీన్ అను పదార్థములే దోషులని రుజువు చేసిరి. జపానులో క్యోటో నగరమున పట్టు కిమోనోలపై బొమ్మలు వ్రాయు కళాకారులు కుంచె మొనను నాలుకతో తడిపి సన్నము చేసెడివారు. వారిలోను ఈ వ్యాధి కనబడెను. ఆ విషము శరీరమున చేరిన వెంటనే హాని చేయదు. ఇరువదియేండ్లకో, ముప్పదియేండ్లకో చేయును. నెత్తురులోనుండి మూత్రపిండములు దానిని వడగట్టి సంచిలోనికి పంపును. సంచిలో అది గంటల తరబడి నిలుచును. అందుచేత దెబ్బ మూత్రాశయమునకు తగులును.

భారతప్రభుత్వము 1990వ దశకమున బెంజిడీన్ మూలమైన రంగులను నిషేధించినది. రంగుచీర కట్టినవారికి భయములేదు. మగ్గముపై నేయువానికిని రంగువానికిని భేదము గలదు. కొలిమిపై రంగుకుండ పెట్టి, పొడి కలిపి, ఆవిరి పీల్చుచు, మోచేతుల వరకు ముంచి నూలును పిండినవారు జాగ్రత్తపడవలసినవారు. రబ్బరు తొడుగులు, ముక్కునకు గుడ్డ, గాలి ఆడు తావు, పని ముగియగానే సబ్బుతో చేతులు కడుగుట, రంగు చేతులతో అన్నము తినకుండుట – ఇవి నేటివారికి. నిన్నటివారు చేయగలిగినది తమ మూత్రమును కనిపెట్టి యుండుట.

రంగుకుండ ముట్టనివాడు నిశ్చింతగా ఊపిరి పీల్చరాదు. రంగుకన్న వేయిరెట్లు విస్తారమైన కారణము ఈ ప్రాంతపు పొలములలోనే పండుచున్నది. పొగాకు పొగలో ఆ నాఫ్తిలమీన్ వంటి పదార్థములే గలవు. లోకమున మూత్రాశయపు క్యాన్సరు వచ్చినవారిలో సుమారు సగముమందికి పొగయే కారణము. పొగ త్రాగువారికి త్రాగనివారికన్న ముప్పు సుమారు మూడురెట్లు. చుట్టవలన ఊపిరితిత్తులు చెడునని అందరును విన్నారు. పొగ ముక్కున పోయి మూత్రాశయమున తేలునని వినినవారు అరుదు. మానినవారికి ముప్పు ఏటికేడు తగ్గును.

త్వరగా కనుగొన్నచో ఇది లొంగని వ్యాధి కాదు. మూత్రపరీక్ష, స్కానింగు పిమ్మట, సన్నని దీపపు గొట్టమును మూత్రనాళము గుండ పంపి వైద్యులు సంచిలోపలి గోడను కంటితో చూతురు. మొలక పైపొరలోనే యున్నచో ఆ గొట్టము గుండనే గీకివేయుదురు. పిదప కొందరికి సంచిలో బి.సి.జి. మందు నింపుదురు. పసిపిల్లలకు క్షయ రాకుండ వేయు టీకా అదియే. 1921లో, పేరాలవారు రామనగరమున పాకలలో నున్న యేటనే, అది మొదట పారిస్‌లో ఒక శిశువునకు ఈయబడెను. 1976లో కెనడాలో మొరాలెస్ అను వైద్యుడు దానిని మూత్రాశయమున వాడి ఫలితములు ప్రకటించెను. ఈ మొలక తీసినను మరల పుట్టు స్వభావము కలది. కావున గుణమైనదని యింట కూర్చుండక, చెప్పిన గడువులకు పోయి మరల చూపించుకొనవలెను. ఆలస్యమై మొలక కండరములోనికి దిగినచో మూత్రాశయమునే తీసివేయవలసి రావచ్చును.

వైద్యుని యొద్దకు పోవువారు ఒక సంగతి మరువరాదు. పట్నపు ఆసుపత్రిలో వైద్యుడు ‘ఏమి పని చేయుదువు?’ అని యడుగును. డెబ్బదియేండ్ల వృద్ధుడు ‘ఏ పనియు లేదు, అరుగు మీద కూర్చుందును’ అనును. వైద్యుడు అంతియే వ్రాసికొనును. తాను ఇరువదేండ్ల ప్రాయమున ఎవరి యింట రంగుకుండ కడ కూర్చుండెనో, ఎన్నేండ్లు నూలు ముంచెనో, దినమునకు ఎన్ని చుట్టలు కాల్చెనో, ఎర్రని మూత్రము ఏ నెలలో ఎన్ని మారులు పడెనో – ఇవి వృద్ధుడు తానై చెప్పవలెను. ప్రక్కన కొడుకో కోడలో ఉన్నారని దాచినచో, వారిని కొంచెము వెలుపల నిలువుమని వైద్యునితో చెప్పించుకొనవచ్చును. నోట చెప్పలేనివారు కాగితముపై వ్రాసికొని పోయి చేతికిచ్చినను చాలును.